ఆరుసార్లు ఫిర్యాదు చేశాను, ఆరుసార్లూ "పరిష్కరించాం" అని మూసేశారు. నీళ్లు మాత్రం గుమ్మం ముందే ఉన్నాయి

"మూడో లైను" అనే పేరుతో ఒకరు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది గోదావరి డెల్టాలో ఒక మున్సిపల్ పట్టణం. ఊరి పేరు రాయడం లేదు, ఎవరినో తిట్టడానికి ఈ పోస్టు పెట్టడం లేదు కాబట్టి. నాకు దారి కావాలి.

మా వీధి పొడవు నాలుగు వందల అడుగుల పైచిలుకు. రెండు వైపులా కలిపి 34 ఇళ్లు. మా వైపున సైడు కాలువ ఉంది. వీధి చివర చిన్న కల్వర్టు, దాని అవతల పెద్ద మురుగు కాలువ. మాది పదకొండో ఇల్లు. ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను, అదే నా సంపాదన.

రెండేళ్ల క్రితం పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు వేశారు. అంతకుముందు మా ఇంట్లోకి రావడానికి రెండు మెట్లు ఎక్కాలి, ఇప్పుడు ఒక్క మెట్టే. అప్పటి నుంచి తొమ్మిదో ఇంటి దగ్గర నుంచి పద్నాలుగో ఇంటి వరకు కాలువ పొంగుతోంది. వాన పడితే రెండు రోజులు చీలమండల లోతు నీళ్లు. వాన లేకపోయినా పొద్దున కొళాయి వదిలే టైముకి, అంటే ఏడు నుంచి తొమ్మిది దాకా, అందరూ అంట్లు తోమి బట్టలు ఉతికేసరికి మురుగు రోడ్డెక్కుతుంది. ఆగస్టులో మా అత్తగారు ఆ నాచు మీద జారి పడ్డారు. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నారు. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు చీర పైకెత్తి పట్టుకుని గోడవారన నడిచి వస్తుంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. కొందరు రావడమే మానేశారు.

జూన్ నుంచి ఇప్పటికి ఫోన్ యాప్‌లో ఆరు ఫిర్యాదులు పెట్టాను. ప్రతిసారీ "కాలువ నిండిపోయింది, శుభ్రం చేయండి" అని రాసి ఫొటో పెట్టాను. రెండు మూడు రోజుల్లో "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. అబద్ధమని కూడా అనలేను. ఇద్దరు మనుషులు వస్తారు, పారలతో పూడిక తీసి గట్టున పోస్తారు, ఫొటో తీసుకుని వెళ్తారు. సాయంత్రానికి మళ్లీ నీళ్లు నిలుస్తాయి. గట్టున పోసిన బురద నాలుగు రోజుల్లో సగం కాలువలోకే జారుతుంది. వార్డు కౌన్సిలర్ గారిని అడిగితే నిధులు రావాలమ్మా అన్నారు.

ఏడో ఫిర్యాదు పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. నేను రాయడంలో తప్పుందా? ఎవరికి రాయాలి? పైగా పిల్లలకి డెంగీ వస్తుందేమోనని టెన్షన్.

---

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్:

అమ్మా, మున్సిపల్ ఇంజనీరింగ్ సెక్షన్‌లో 31 ఏళ్లు చేసి దిగినవాణ్ణి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఫిర్యాదులో అబద్ధం లేదు. కానీ అది వెళ్లాల్సిన బల్ల మీదికి వెళ్లడం లేదు.

"కాలువ నిండింది, శుభ్రం చేయండి" అని రాస్తే అది శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి పోతుంది. ఆయన మేస్త్రికి చెబుతాడు, మేస్త్రి మనుషుల్ని పంపుతాడు, పూడిక తీస్తారు. ఆయన చేయగలిగిన పని అక్కడితో అయిపోయింది. మీరు అడిగిందీ అదే. కాబట్టి మూసేస్తారు. మీరు ఇంకో అరవైసార్లు రాసినా ఇదే జరుగుతుంది.

పూడిక తీసిన రోజు సాయంత్రానికే నీళ్లు నిలిచాయని రాశారు. వాన లేని రోజున కూడా పొంగుతోందన్నారు. ఈ రెండూ చూస్తే నాకు అనిపించేది ఒకటే. అది చెత్త సమస్య కాదు, వాలు సమస్య. వాలు సరిచేయాల్సింది ఇంజనీరింగ్ విభాగం. మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ వేరు, రోడ్లు, కాలువల్లాంటి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ వేరు. మీరు పట్టుకోవాల్సింది ఎమినిటీస్ సెక్రటరీని. ఆయన పైన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), ఆ పైన డీఈ (డిప్యూటీ ఇంజనీరు).

అయితే "వాలు లేదు" అని నోటితో చెబితే ఎవరూ వినరు, కొలిచి చూపించాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఇళ్లు కట్టే మేస్త్రి దగ్గర నీళ్లు నింపే లెవల్ పైపు ఉంటుంది. పూడిక తీసిన రోజునే అతన్ని పిలవండి. వీధి మొదట్లో గోడ మీద సుద్దతో ఒక గీత పెట్టించి, అదే మట్టాన్ని వీధి చివరిదాకా గీయిస్తూ పోవాలి. తరవాత ఆ గీత నుంచి కాలువ అడుగుకి ఎంత లోతుందో మూడు చోట్ల కొలవండి: మొదటి ఇంటి దగ్గర, మీ ఇంటి దగ్గర, కల్వర్టు లోపలి అడుగు దగ్గర. కర్రకి టేపు కట్టి పైనుంచే కొలవండి, ఎవరూ కాలువలో దిగొద్దు.

ఇలాంటి చిన్న కాలువలకి మేం మూడు వందల అడుగులకి ఒక అడుగు దిగేలా చూసేవాళ్లం, అంటే వంద అడుగులకి నాలుగు అంగుళాలు. డెల్టా నేల పళ్లెంలా ఉంటుంది, అంత వాలు దొరకడం కష్టమే. దొరకదు కాబట్టే ప్రతి అంగుళం లెక్కకొస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి సాగునీటి కాలువలు పారాక, వాడిన నీరు సముద్రానికి చేరడానికి మురుగు కాలువలు ఎంత ముఖ్యమో డెల్టా రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. పట్టణంలో ఉన్నవాళ్లం మనమే అది మర్చిపోయాం.

ఇంకో మూడు చూడండి. కల్వర్టులో అడ్డంగా మంచినీళ్ల పైపు గానీ కేబుల్ గొట్టాలు గానీ ఉన్నాయా? వాటికే ప్లాస్టిక్ కవర్లు చిక్కుకుంటాయి. రెండోది, అవతల పెద్ద కాలువ నిండినప్పుడు నీళ్లు వెనక్కి తంతున్నాయా? అలాగైతే అందులో మున్సిపాలిటీ ఒక్కటే చేయగలిగింది తక్కువ. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ లాంటి పెద్ద మురుగు కాలువలు జలవనరుల శాఖ కింద ఉంటాయి, అప్పుడు అర్జీ వాళ్లకి కూడా ఇవ్వాలి. మూడోది అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. ఇళ్ల ముందు బండి ఎక్కించుకోవడానికి కాలువ మీద ర్యాంపులు కట్టుకున్నారా?

---

మణికొండ నుంచి:

అక్కా, పై ఆయన చెప్పిన "ఏ బల్ల" అన్నమాట హైదరాబాద్‌లో మాకు ఇంకా పెద్ద విషయం. ఇక్కడ వాన నీటి కాలువలు, నాలాలు మున్సిపల్ కార్పొరేషన్‌వి. మురుగు పైపులైన్లు, వాటి మ్యాన్‌హోళ్లు జలమండలివి, అంటే నీళ్ల బోర్డువి. శివారు సర్కిళ్లలో మురుగు నిర్వహణ కూడా 2021లో జలమండలికే ఇచ్చారు. రోడ్డు మీద రెండు మూతలూ పక్కపక్కనే ఉంటాయి, పైకి ఒకేలా కనిపిస్తాయి. మా అపార్ట్‌మెంటు ముందు పొంగింది మురుగు మ్యాన్‌హోల్. నేను తెలియక వాన నీటిదనుకుని వేరేచోట ఫిర్యాదు పెట్టాను. తరవాత జలమండలి 155313కి ఫోన్ చేసి, వాసన వస్తోంది, వాన లేకుండానే పొంగుతోంది అని చెప్పాను. నీళ్లు గట్టిగా చిమ్మి పైపు శుభ్రం చేసే జెట్టింగ్ మిషను వచ్చింది, పని అయింది.

ఫొటో గురించి ఒక మాట. నీళ్లు మాత్రమే కనిపించేలా తీస్తే అది ఏ వీధో ఎవరికీ తెలియదు. కరెంటు స్తంభం మీద నంబరు ఉంటుంది కదా, అది ఫొటోలో పడాలి. ఇంటి డోర్ నంబరు కూడా రాయండి. అదే చోటు నుంచి, అదే కోణంలో మూడు ఫొటోలు తీయండి: పూడిక తీయకముందు, తీసిన గంటకి, మర్నాడు పొద్దున. మూడూ కలిపి పెడితే "తీసినా నీళ్లు పోవడం లేదు" అని మీరు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

---

ఆరోగ్య కార్యకర్త:

డెంగీ గురించి ఒక్కమాట చెల్లీ. డెంగీ దోమ ఎక్కువగా మంచినీళ్ల నిల్వలోనే పుడుతుంది. డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల పళ్లాలు, పాత టైర్లు చూసుకోండి. వారానికోసారి నీళ్లు పారబోసి, ఆరబెట్టండి. మురుగు కాలువలో పుట్టేది క్యూలెక్స్ దోమ. బోదకాలు వ్యాపించేది దాని వల్లే, మన గోదావరి జిల్లాలకి ఆ జబ్బు కొత్తది కాదు. నిలిచిన మురుగులో దోమ పిల్లల్ని చంపే ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు) వేయమని అడగండి. అది శానిటేషన్ వాళ్లు వెంటనే చేయగలిగిన పని. కాలువ బాగుపడేదాకా అదైనా జరగాలి.

---

మూడో లైను:

బాబాయి గారూ, మీరు చెప్పినట్టే చేశాను.

పోయిన బుధవారం మనుషులు వచ్చి పూడిక తీశారు. ముందే మా వీధి చివర ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రిని బతిమాలి పెట్టుకున్నాను. డబ్బులు తీసుకోలేదు, టీ తాగి పని చేశాడు. అతని పైపు యాభై అడుగులే. ఎనిమిది తొమ్మిదిసార్లు జరుపుకుంటూ గీతలు పెట్టాడు. రెండు గంటలు పట్టింది. వీధిలో ఆడవాళ్లందరం గోడల దగ్గర నిలబడి పైపు పట్టుకున్నాం. కొలతలు ఇవి:

మొదటి ఇంటి దగ్గర గీత నుంచి కాలువ అడుగు 3 అడుగుల 1 అంగుళం కింద ఉంది. మా ఇంటి దగ్గర 3 అడుగుల 6 అంగుళాలు. కల్వర్టులో 3 అడుగుల 2 అంగుళాలు.

అంటే మా ఇంటి దగ్గర కంటే కల్వర్టే నాలుగు అంగుళాలు ఎత్తులో ఉంది! ఇన్నాళ్లూ మేం గిన్నె అడుగున కూర్చున్నాం. కల్వర్టులో అడ్డంగా రెండు పైపులు ఉన్నాయి. వాటికి గుడ్డలు, కవర్లు, ఒక పాత చాప చిక్కుకుని ఉన్నాయి.

ర్యాంపుల సంగతి. మా వైపు 17 ఇళ్లలో 14 ఇళ్లకి ఉన్నాయి. మాకూ ఉంది. మా ఆయన స్కూటరు కోసం నాలుగేళ్ల క్రితం సిమెంటుతో కట్టించారు. దాని కింద కాలువ జానెడు కూడా తెరిచి లేదు, పార లోపలికి పోదు. కొలిచేదాకా అది మాకు తట్టనే లేదు. రాయడానికి బాధగా ఉంది, కానీ మీరు సూటిగా అడిగారు కాబట్టి ఉన్నది చెబుతున్నాను.

---

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్:

భేషమ్మా. ఈ మూడు కొలతలు మీ ఆరు ఫిర్యాదుల కంటే బరువైనవి. మొదటి నుంచి చివరికి మీ కాలువ దిగింది ఒక్క అంగుళం. అంత పొడవుకి అడుగుకి పైగా దిగాలి. మధ్యలో నాలుగు అంగుళాల నీళ్లు ఎప్పుడూ ఉండాల్సిందే, ఎంత పూడిక తీసినా సరే.

ఇప్పుడు అర్జీ కాగితం మీద రాయండి. "శుభ్రం చేయండి" అనే మాట ఎక్కడా రానివ్వొద్దు. "కల్వర్టు అడుగు మట్టం కాలువ కంటే 4 అంగుళాలు ఎత్తుగా ఉన్నందున నీరు పారడం లేదు. లెవెల్స్ తీయించి, కల్వర్టు పునర్నిర్మాణానికి, కాలువ అడుగు సరిచేయడానికి అంచనా తయారు చేయగలరు" అని రాయండి. కొలతల బొమ్మ చేత్తో గీసి జతచేయండి. తాపీ మేస్త్రి కొలత అధికారిక లెక్క కాదు, అందుకే లెవెల్స్ తీయమని అడగడం. ఏఈ పరికరం పట్టుకుని ఒక్కసారి వీధిలోకి వస్తే కదలిక మొదలైనట్టే. కనీసం ఇరవై ఇళ్లవాళ్ల సంతకాలు పెట్టించి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. వాళ్లిచ్చే రాతపూర్వక జవాబు (ఎండార్స్‌మెంట్) మీకు నచ్చకపోతే 1100కి ఫోన్ చేసి మళ్లీ తెరిపించవచ్చు.

ర్యాంపులు మాత్రం అధికారులు వచ్చేలోపే మీ వీధివాళ్లు మాట్లాడుకోండి. లేకపోతే మొదటి ప్రశ్న అదే వస్తుంది, మీ అర్జీ అక్కడే ఆగిపోతుంది.

---

జూనియర్ అడ్వకేట్, రాజమండ్రి:

నిధులు లేవనే మాట గురించి చెప్పాలి. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊళ్లో ఒక వార్డు జనం మురుగు కాలువలు లేక, దుర్గంధం భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. మున్సిపాలిటీ డబ్బు లేదంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు: డబ్బు లేదన్న కారణంతో మున్సిపాలిటీ తన ప్రాథమిక బాధ్యత నుంచి తప్పించుకోలేదు. లా కాలేజీలో ఈ తీర్పు చదివిన రోజు మా వీధి కాలువే నాకు గుర్తొచ్చింది. ఆ ఊరివాళ్లు వాడింది పాత నేర విచారణ చట్టం, సీఆర్‌పీసీ, 133వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అదే విషయం దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 152వ సెక్షన్‌లో ఉంది. ఆర్డీఓ దగ్గర వేయవచ్చు.

అయినా మీరు ఇప్పుడే అక్కడికి వెళ్లక్కర్లేదు. ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడే అడగండి: సీసీ రోడ్డు పని అంచనా కాపీ, ఎం.బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ, ఆ పనిలో లోపాలు వస్తే కాంట్రాక్టరు సరిచేయాల్సిన గడువు ఎప్పటిదాకా ఉందన్నది. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, ఉన్న కాగితం అడగండి. అంచనాలో కాలువ పని కూడా ఉండి, అది జరగకపోతే మీ చేతికి పెద్ద ఆధారం దొరికినట్టు. ఆ చట్టంలో పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఉంది, చాలామందికి తెలియదు.

ఏదీ కుదరకపోతే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. పారిశుద్ధ్యం దాని పరిధిలోని ప్రజోపయోగ సేవల్లో ఒకటి. కోర్టు ఫీజు ఉండదు.

---

మేస్త్రి గారి అబ్బాయి:

మా నాన్న మున్సిపాలిటీలో కాలువలు తీసే పనిలో 22 ఏళ్లు చేశారు. మీరు వాళ్లని తిట్టకుండా "వచ్చారు, తీశారు" అని రాసినందుకు ఈ మాట రాస్తున్నాను.

తీసిన బురద గట్టున వదిలేయడం వాళ్ల ఇష్టంతో కాదండీ. తడి బురద వెంటనే ఎత్తితే ట్రాక్టరు నుంచి రోడ్డంతా కారుతుందని ఒకరోజు ఆరనిస్తారు. మర్నాడు ట్రాక్టరు ఇంకో వార్డుకి పోతుంది. వాన వస్తే మళ్లీ కాలువలోకే. కాబట్టి మీరు అడిగేటప్పుడు "పూడిక తీయండి" అనకుండా "తీసిన మర్నాడు ట్రాక్టరు పంపండి" అని అడగండి. మా నాన్న ఎప్పుడూ అనేవారు, ఒకే బురదని ఏడాదికి పదిసార్లు ఎత్తానురా అని. పగిలిన గాజుసీసాలు, వాడిన సూదులు కాలువలో వేయొద్దని మీ వీధిలో చెప్పండి. ఆయన కుడికాలి మీద మూడు కుట్ల మచ్చలున్నాయి.

---

మూడో లైను:

ఏడు వారాల తరవాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

26 సంతకాలతో సోమవారం అర్జీ ఇచ్చాను. నాతో ఐదుగురు ఆడవాళ్లు వచ్చారు. కమిషనర్ గారు కొలతల బొమ్మ చూసి, ఇది ఎవరు గీశారు అని అడిగారు. నేనే అన్నాను. జాకెట్ల కొలతలు గీసే చేతికి అదేమంత కష్టం కాలేదు. పది రోజులకి ఏఈ గారు, ఎమినిటీస్ సెక్రటరీ మూడుకాళ్ల పరికరం పెట్టి లెవెల్స్ తీశారు. వాళ్ల లెక్కలో కల్వర్టు ఐదు అంగుళాలు ఎత్తు వచ్చింది. అంచనా తయారవుతోందని రాతపూర్వకంగా ఎండార్స్‌మెంట్ ఇచ్చారు. సమాచార హక్కు దరఖాస్తుకి ఇంకా జవాబు రాలేదు, 30 రోజులు నిండటానికి మరో వారం ఉంది.

ర్యాంపు ముందు మాదే కొట్టించాము. మా ఆయనకి మొదట కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. తరవాత ఆయనే ఇనుప జల్లెడ పలక చేయించారు, స్కూటరు ఎక్కించి మళ్లీ పక్కకి తీసేయొచ్చు. అది చూసి ఇంకో పది ఇళ్లవాళ్లు కొట్టించారు. ముగ్గురు మాత్రం ఒప్పుకోలేదు, కల్వర్టు పని మొదలైతే తీస్తామంటున్నారు. మా ర్యాంపు కింద నుంచి తొమ్మిది గంపల బురద వచ్చింది. మర్నాడే ట్రాక్టరు రావాలని ముందే రాసిచ్చాం, వచ్చింది. తమ్ముడూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

పొద్దున కొళాయి టైములో నీళ్లు ఇంకా నిలుస్తున్నాయి, కానీ రోడ్డు ఎక్కడం లేదు. అత్తగారు కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తున్నారు.

బాబాయి గారూ, ఒక్కటి అడగాలి. కల్వర్టులో అడ్డంగా ఉన్న ఆ రెండు పైపులు పక్కకి జరపమని ఇప్పుడే అడగాలా, పని మొదలయ్యాక అడగాలా?

---

రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్:

ఇప్పుడేనమ్మా, అంచనా మీద సంతకాలు అయ్యేలోపు. పైపు జరపడం వేరే ఐటమ్, అందులో రాయకపోతే కాంట్రాక్టరు దాన్ని ముట్టుకోడు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టుగా ఇన్వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. కల్వర్టు అడుగు కాంక్రీటు వేసే రోజున ఆ తాపీ మేస్త్రిని మళ్లీ పిలిచి, మీ గోడ మీద సుద్దగీత నుంచి కొలిపించండి. గీత చెరిగిపోకుండా ఈలోగా దాని మీద పెయింటు వేయించండి.